పాటదారు తప్పుకున్నాక మిగిలే ధర

వేలంలో వస్తువు ధర ఎంతన్నది చివరికి తేల్చేది అందరికంటే ఎక్కువ పాడినవాడని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి దానిని తేల్చేది అతని వెనుక దాకా వచ్చి ఆగిపోయిన రెండోవాడు. గెలిచినవాడు ఇంకా ఎంత దాకా వెళ్లగలిగేవాడో ఎవరికీ తెలియదు, రెండోవాడు ఎక్కడ ఆగాడో అది మాత్రమే అందరికీ కనిపిస్తుంది. అందువల్ల పాటదారులలో ఒకరు మధ్యలో తన పాటను వెనక్కి తీసుకున్నప్పుడు ఒక మనిషి తగ్గడంతో సంగతి ముగియదు. అతను ఉన్నంతసేపు మిగిలినవారి చేత పాడించిన అంకెలు అతను వెళ్లిపోయాక కూడా అక్కడే నిలిచి ఉంటాయి, వాటిని ఏం చేయాలన్నది అమ్మేవాడి మెడకు చుట్టుకుంటుంది. పాత చేతి గడియారాలను ఆన్‌లైన్ వేలంలో అమ్మే పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ చికాకు తెచ్చిన విషయం ఇదే కనుక, నేను దానితో ఎలా వేగానో కొంత వివరంగా రాస్తున్నాను.

మాది మదనపల్లె. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి జాలహళ్లి పక్కన స్థిరపడ్డాను. ఈ ప్రాంతంలో నివసించే వారికి హెచ్‌ఎంటీ గడియారాల మీద మమకారం ఏర్పడడం వింతేమీ కాదు. 1961లో జపాన్ దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్‌ఎంటీ ఇక్కడే చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది, 2016లో ఆ గడియారాల సంస్థ మూతపడేదాకా జనతా, పైలట్, కాంచన్, సోనా, కోహినూర్ వంటి పేర్లతో దేశమంతటికీ గడియారాలను అందించింది. ఫ్యాక్టరీ మూతపడిన తరువాత వాటి విలువ తగ్గకపోగా పెరిగింది. నేను ఆదివారం సంతలలోనూ పాత ఇళ్లు ఖాళీ చేసేవారి దగ్గరా దొరికిన వాటిని కొని, చిక్‌పేటలో ఒక పెద్దాయన చేత శుభ్రం చేయించి, నూనె వేయించి, నడక సరిచూసి, మళ్లీ అమ్ముతుంటాను. విదేశాలలో ఉన్నవారికి ఈబే అనే ఆన్‌లైన్ వేలాల సైటు ద్వారానూ, మనవారికి ఒక వాట్సాప్ గ్రూపు ద్వారానూ వేలం వేస్తాను. గ్రూపులో బెంగళూరు వారితో పాటు అనంతపురం, హిందూపురం, నెల్లూరు, తిరుపతి వారు ఉన్నారు. దానిని నడిపే ఆయనది కోలారు, తెలుగూ కన్నడమూ రెండూ ఆయనకు ఇంటి భాషలే.

ఒక పైలట్ గడియారం వేలం గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే నా ఆలోచన అంతా అక్కడి నుంచే మొదలైంది. నల్లని డయల్, చేత్తో తాళం తిప్పే, లోపలి ఇరుసులు అరగకుండా పదిహేడు రాళ్లు పొదిగిన యంత్రం, డయల్‌కు ఎవరూ మళ్లీ రంగు వేయని అసలు సరుకు. ఈ ఆఖరి లక్షణం అరుదైనది, ఎందుకంటే మార్కెట్లో తిరిగే పైలట్‌లలో చాలా వాటికి డయల్‌ను గీకి కొత్తగా ముద్రించి ఉంటారు. 1,500 రూపాయలతో పాట మొదలుపెట్టి, మెట్టుకు కనీసం వంద రూపాయలు పెంచాలనీ, ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు ముగుస్తుందనీ ప్రకటించాను. నెల్లూరులో ఉండే ఒక డాక్టరుగారూ, అనంతపురంలో రిటైరైన ఒక మాస్టారూ పోటీపడ్డారు. డాక్టరుగారు 2,400 దగ్గర ఆగిపోయారు, మాస్టారి పాట 2,500 దగ్గర నిలిచింది. అక్కడితో ముగిసిపోతుందని అందరమూ అనుకుంటుండగా వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక కుర్రాడు 2,600 అని ప్రవేశించాడు. మాస్టారు పట్టుదల మనిషి. ఇద్దరూ వందకు వంద కలుపుకుంటూ పోయి, మాస్టారు 4,100 అంటే కుర్రాడు 4,200 అన్నాడు. మాస్టారు ఆగిపోయారు. తొమ్మిది కావడానికి ఇంకా కొంత సమయం ఉండగా ఆ కుర్రాడు, తన బిడ్‌ను విత్‌డ్రా చేసుకుంటున్నాననీ, క్షమించమనీ ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

గ్రూపు ఆనవాయితీ ప్రకారం పై పాట రద్దయితే దాని కింది పాట నిలుస్తుంది. నిర్వాహకుడు వెంటనే 4,100కి మాస్టారిదే గడియారమని ప్రకటించేశారు. అమ్మేవాడిగా నాకు నష్టం వంద రూపాయలే. కానీ ఆ రాత్రే మాస్టారు నాకు ఫోన్ చేసి, కోపం లేకుండా, లెక్కల మాస్టారు పిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా అడిగారు: "బాబూ, ఆ అబ్బాయి రాకపోయి ఉంటే నేను రెండున్నర వేలకే కొనుక్కునేవాణ్ణి గదా. నన్ను అక్కడి నుంచి ఇక్కడి దాకా లాక్కొచ్చినవాడే ఇప్పుడు లేడు. మరి ఈ పదహారు వందలు నేను ఎవరితో పోటీపడి పాడినట్టు?"

నేను నిర్వాహకుడితో మాట్లాడాను. ఆయన వాదన కూడా కొట్టిపారేయదగినది కాదు. మాస్టారు 4,100 ఇస్తానని తన వేలితో తానే రాశారు, ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు, ఆ గడియారం ఆయనకు అంత విలువైనది కాబట్టే రాశారు, మరి ఇప్పుడు దానికి కట్టుబడి ఉండమనడంలో అన్యాయమేముంది అని ఆయన అన్నారు. విలువ మాట నిజమే. కానీ వేలంలో ఎవరూ తమకు వస్తువు ఎంత విలువైనదో అంత చెల్లించడానికి రారు, పోటీదారు ఆగిన చోటికి ఒక మెట్టు పైన చెల్లించడానికి వస్తారు. తనకు విలువైనంత చెల్లించమనడం అంటే దుకాణదారుడు కొనేవాడి జేబులో ఎంతుందో చూసి ధర చెప్పడమే. పోటీ నిజమైనదైతే పెరిగిన ధర న్యాయమైనది. పోటీ వెనక్కి తీసుకోబడినప్పుడు దానివల్ల పెరిగిన భాగం కూడా వెనక్కి పోవాలని నాకు తోచింది.

ఈబేలో ఈ పని యంత్రమే చేస్తుంది. అక్కడ పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని ఒకేసారి రహస్యంగా నమోదు చేస్తాడు, పోటీదారుని దాటడానికి ఎంత అవసరమో అంత మాత్రమే యంత్రం అతని తరఫున పాడుతుంది. ఒకరు తప్పుకుంటే, మిగిలినవారి గరిష్ఠ మొత్తాలు దాని దగ్గర ఉన్నాయి కాబట్టి, తప్పుకున్నవాడు అసలు లేనట్టుగా ధరను మళ్లీ లెక్కగట్టి చూపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరి గరిష్ఠమూ ఎవరికీ తెలియదు, వరుసగా రాసిన అంకెలే తప్ప మరో ఆధారం లేదు. అందువల్ల లెక్క చేత్తో చేయవలసి వచ్చింది. కుర్రాడి సందేశాలన్నిటినీ తీసివేసి, అతనికి జవాబుగా మాత్రమే వచ్చిన మాస్టారి పాటలను కూడా తీసివేస్తే, మాస్టారి 2,500 దగ్గర పాట నిలుస్తుంది. అయితే అక్కడే అమ్మేయడం కూడా సరికాదు, ఎందుకంటే డాక్టరుగారు 2,400 దగ్గర ఆగడం ఆయన చివరి మాటో కాదో మనకు తెలియదు, కొత్త మనిషి దూకుడు చూసి పక్కకు తప్పుకుని ఉండవచ్చు. కనుక మరునాటి సాయంత్రం, ముందురోజు పాల్గొన్నవారికి మాత్రమే, 2,500 నుంచి ఒక గంట పాట తిరిగి తెరుస్తున్నానని కారణంతో సహా గ్రూపులో రాశాను. డాక్టరుగారు నిజంగానే వచ్చి 2,800 దాకా పాడారు. గడియారం 2,900కి మాస్టారికే చెందింది. ముందు ప్రకటించిన ధర కంటే నాకు పన్నెండు వందలు తగ్గింది. మా ఇంట్లో ఈ ధర్మబుద్ధి గురించి కొన్ని మాటలు పడ్డాయి గానీ అవి ఇక్కడ అప్రస్తుతం.

ఆ కుర్రాడిని గ్రూపు నుంచి తొలగించాలని కొందరు పట్టుబట్టారు. ముందు అతనితో మాట్లాడదామని నేనే ఫోన్ చేశాను. "అన్నా, నాకు కావలసింది ఒక్క పైలట్. మూడు చోట్ల పాడాను. ఇంకోచోట ముందే వచ్చేసింది. రెండూ కొనే స్తోమత లేదు," అన్నాడు. గుంటూరు వైపు పిల్లవాడు, మాటలో దాపరికం కనిపించలేదు. ఆన్‌లైన్‌లో ఇది చాలా సహజంగా జరిగేదే. పూర్వం ఒక ఊరి సంతలో పాడేవాడు అదే సమయంలో మరో ఊరి సంతలో పాడలేడు, ఫోన్‌లో మాత్రం ఒకే గంటలో నాలుగు చోట్ల పాడవచ్చు, నాలుగు చోట్లా గెలిచే ప్రమాదం కూడా ఉంటుంది. అతను చేసినది పద్ధతి కాదు, కానీ అందులో మోసమూ లేదు. ఈ తేడాను పట్టించుకోకుండా పాట వెనక్కి తీసుకున్న ప్రతివారినీ ఒకే గాటన కట్టడం వల్ల గ్రూపులకు మంచి కొనుగోలుదారులు దూరమవుతారని నా అభిప్రాయం.

నేను చూసినంతలో పొరపాటున అంకె రాసినవాడిని గుర్తుపట్టడం అన్నిటికంటే సులభం. 1,800 రాయబోయి 18,000 రాసినవాడు నిమిషంలోనే లబలబలాడుతూ సరిచేస్తాడు. ఈబే నియమాలలో కూడా దీనికి చోటుంది, అయితే తప్పు అంకెను తీసేసినవాడు సరైన అంకెను వెంటనే నమోదు చేయాలి. వస్తువు వివరణను అమ్మేవాడు మధ్యలో గణనీయంగా మార్చినా, అమ్మేవాడిని సంప్రదించే వీలు లేకపోయినా అక్కడ పాటను తీసేసుకోవచ్చు. మనసు మారిందనేది మాత్రం అక్కడ చెల్లే కారణం కాదు.

వివరణ విషయం అమ్మేవారు శ్రద్ధగా వినవలసినది. ఒక కాంచన్ గడియారం వేలంలో హిందూపురం నుంచి పాడిన ఒకాయన మూడోరోజున తప్పుకున్నారు. కారణం అడిగితే మొదట చెప్పలేదు, తరువాత ఎవరో ఆయనకు విడిగా ఫోన్ చేసి దాని డయల్ కొత్తగా ముద్రించినదని చెప్పారని తెలిసింది. నేను వాదనకు దిగకుండా గడియారం వెనుక మూత విప్పించి, యంత్రాన్నీ, డయల్ వెనుక భాగాన్నీ, అంకెల అంచులనూ దగ్గరగా ఫోటోలు తీయించి గ్రూపులో పెట్టాను. కొత్త ముద్రణలో అక్షరాల అంచులు ముద్దగా ఉంటాయి, చుట్టూ ఉన్న నిమిషాల గీతలు ఒకదానికొకటి సమదూరంలో ఉండవు. అసలు దానిలో అవి సన్నగా, తీరుగా ఉంటాయి. ఆయన ఫోటోలు చూసి మళ్లీ పాడారు. అప్పటి నుంచి ఆ ఫోటోలను వేలానికి ముందే పెడుతున్నాను, ఈ కారణంతో తప్పుకునేవారు దాదాపు లేకుండా పోయారు. పాటలు వెనక్కి పోతున్నాయని మొత్తుకునే అమ్మకందారులలో కొందరి ఫోటోలు చూస్తే, ఆ మసకలో పాడినవారు అసలెందుకు పాడారా అని నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

తప్పు ఎవరిదీ కాని సందర్భమూ ఒకటి ఎదురైంది. 2025 జూలై చివర అమెరికా ప్రభుత్వం 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆగస్టు 29 నుంచి ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. దానితో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్ల బుకింగ్‌ను చాలా వరకు నిలిపివేసింది. సరిగ్గా అప్పుడు నా జనతా గడియారం ఒకటి ఈబే వేలంలో ఉంది, న్యూజెర్సీలోని ఒకరు పై పాటలో ఉన్నారు. ప్రైవేటు కొరియర్‌లో పంపితే ఖర్చు గడియారం ధరను మించిపోయేలా ఉంది, దాని మీద సుంకం ఎంత పడుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఆయన తన పాటను తీసేయమని అడిగారు. ఈబేలో అమ్మేవాడు కూడా పాటను రద్దు చేయవచ్చు కనుక నేనే రద్దు చేశాను. ఇటువంటి చోట పట్టుబట్టి గెలిచినా, డబ్బు వాపసు అడిగే వ్యవహారం ఒకటి మిగలడం తప్ప లాభం లేదు.

ఇక అసలైన దుర్మార్గం గురించి. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటి దానిలో ఒకే మనిషి రెండు ఖాతాలతో వస్తాడు. ఒక ఖాతాతో తక్కువ పాట పాడి, రెండో దానితో ఎవరూ అందుకోలేనంత ఎక్కువ పాడతాడు. ఆ అంకె చూసి మిగిలినవారు వెళ్లిపోతారు. ముగింపు దగ్గరపడగానే పెద్ద పాటను తీసేసుకుంటాడు, వస్తువు చిన్న పాటకు అతనికే దక్కుతుంది. ఈబేలో వేలం ముగియడానికి పన్నెండు గంటలకు మించి ఉంటే పాటను తీసేసుకోవచ్చు, ఆ మనిషి ఆ వస్తువు మీద పాడిన పాటలన్నీ పోతాయి. పన్నెండు గంటల లోపు అయితే పాడిన గంటలోపే తీసుకోవాలి, అదీ చివరి పాట ఒక్కటే పోతుంది. ఈ మోసాన్ని చివరి ఘడియలలో కుదరకుండా చేయడంలో ఆ నియమం బాగా పనిచేస్తుంది.

రెండో రకం మరింత లోతైనది, అమ్మేవాడి ప్రతిష్ఠకు ముప్పు తెచ్చేది. ఒకరు రహస్యంగా 80 డాలర్లు గరిష్ఠంగా నమోదు చేశారనుకుందాం. మరొకరు 40 దగ్గర ఆగినందువల్ల ధర 41 అని కనిపిస్తున్నది. ఇప్పుడు మూడోవాడు వచ్చి 200 అంటాడు, ధర 81కి చేరుతుంది. అంటే మొదటివారి రహస్యం 80 అని అతనికి తెలిసిపోయింది. వెంటనే పొరపాటు అంకె అని చెప్పి పాటను తీసేసుకుంటాడు, ధర 41కి దిగుతుంది. ఆ తరువాత అతనో, అతని మిత్రుడో 79 పాడతారు, మొదటివారు 80 పూర్తిగా చెల్లించవలసి వస్తుంది. దీనివల్ల లాభం ఎవరికి? అమ్మేవాడికి. కనుక ఎవరైనా పెద్ద పాట పాడి తీసేసుకోగానే చూసేవారి అనుమానం ముందుగా అమ్మేవాడి మీదికే పోతుంది, పోవలసిందే కూడా. నా వేలంలో ఇటువంటిది ఒకటి జరిగినప్పుడు పై పాటలో ఉన్న జర్మనీ కొనుగోలుదారు నాకు కటువుగానే రాశారు. నేను ఆ మూడో ఖాతాను నా వేలాల నుంచి నిరోధించి, ఆయన కోరితే పాటను రద్దు చేసుకోవచ్చని రాశాను. ఆయన రద్దు చేసుకున్నారు. నేను ఆ స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ణి. ఈబేలో ప్రతి వేలం పాటల చరిత్రలో వెనక్కి తీసుకున్నవి కూడా కనిపిస్తాయి, అలవాటుగా తీసేసుకునేవారిని పసిగట్టడానికి అది చాలు. వాట్సాప్‌లో మాత్రం పాత సందేశాన్ని చెరిపివేసే వీలుంది కాబట్టి, పాట సాగుతున్నంతసేపు నేను తెరను ఫోటోలు తీసి ఉంచుకుంటున్నాను.

చట్టం ఏమంటుందో తెలుసుకుందామని ఇక్కడి సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసే, మా ఊరి వాడైన ఒక లాయరు మిత్రుడిని అడిగాను. మాట ఇచ్చి తప్పడం నేరమన్నట్టు గ్రూపులో మాట్లాడుకుంటున్న మాకు అతను చెప్పినది కొంత చేదుగానే అనిపించింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, సుత్తి దెబ్బతోనో ఆనవాయితీగా వస్తున్న మరో రీతిలోనో వేలం ముగిసిందని ప్రకటించేదాకా ఏ పాటదారైనా తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్ కూడా అంగీకారం తెలియజేయడం పూర్తయ్యేలోపు ప్రతిపాదనను ఉపసంహరించుకునే హక్కును ఇస్తున్నది. ఈ సూత్రానికి మూలం 1789లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన పేన్, కేవ్‌ల వ్యాజ్యం. వేలంలో నలభై పౌండ్లు పాడిన ఒకతను సుత్తి పడకముందే తప్పుకుంటే, పాట అనేది ప్రతిపాదన మాత్రమే కనుక అతను తప్పుకోవచ్చని కోర్టు తేల్చింది. అంటే మా వైట్‌ఫీల్డ్ కుర్రాడు తొమ్మిది గంటలకు ముందు తప్పుకుని చట్టం దృష్టిలో ఏ తప్పూ చేయలేదు. అదే 64వ సెక్షన్‌లో అమ్మేవాడు దొంగ పాటలతో ధర పెంచితే కొనుగోలుదారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చని కూడా ఉంది. మాస్టారి పదహారు వందల ప్రశ్నను నేను తేలికగా తీసుకోకపోవడం మంచిదే అయిందని అది విన్నాక అనుకున్నాను, ఎందుకంటే నా మనిషి కాని ఆ కుర్రాడు నా మనిషేనని ఎవరైనా అంటే కాదని నిరూపించే సాక్ష్యం నా దగ్గర ఏమీ లేదు.

హక్కు ఉన్నంత మాత్రాన దానికి ఖర్చు ఉండకూడదని లేదు. పెద్ద వేలాలలో అందుకే ముందుగా ధరావతు, అంటే డిపాజిట్, కట్టించుకుంటారు. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకూ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కూ నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2003లో ఈ తేడాను స్పష్టంగా విడదీసింది. ప్రతిపాదనను వెనక్కి తీసుకునే హక్కు ఒకటి, గడువులోపు వెనక్కి తీసుకోనని హామీగా కట్టిన ధరావతును పోగొట్టుకోవడం మరొకటి, మొదటిది ఉన్నా రెండోది తప్పదని దాని సారాంశం. బ్యాంకులు తాకట్టు ఆస్తులను వేలం వేసినప్పుడు గెలిచినవాడు నాలుగో వంతు ధరను ఆ రోజో మరుసటి పనిదినమో కట్టాలి, మిగతాది గడువులో కట్టకపోతే ఆ డబ్బు జప్తవుతుంది. మనకు బాగా తెలిసిన బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై లక్షలకు చేరాక, అక్కడ కూడా ముందుగా డిపాజిట్ కట్టినవారినే పాటకు రానిస్తున్నారు.

మా గ్రూపులోనూ ఒక్కో వేలానికి రెండు వందల రూపాయల ధరావతు పెట్టాలని నిర్ణయమైంది. పాడదలచినవారు యూపీఐలో నిర్వాహకుడికి పంపాలి, గెలవనివారికి ఆ రాత్రే తిరిగి ఇచ్చేయాలి. మొదటి వారాలలో పాటదారులు బాగా తగ్గారు. పెద్దవాళ్లు కొందరు, ఇన్నేళ్ల పరిచయంలో మా మాట మీద రెండు వందల నమ్మకం లేదా అని నొచ్చుకున్నారు. డాక్టరుగారు మాత్రం, రోగి అపాయింట్‌మెంట్‌కు డబ్బు కట్టించుకునే నేను దీనికి అభ్యంతరం చెప్పలేను లెండి అన్నారు. తగ్గినవారిలో సగం మంది నెమ్మదిగా తిరిగి వచ్చారు, రానివారిలో ఎక్కువమంది సరదాకు అంకెలు రాసేవారే అని నా అంచనా. రెండు వందలు పోతాయన్న భయం కంటే, డబ్బు పంపే ఆ ఒక్క నిమిషం ఆలోచన వల్లనే ఎక్కువ మేలు జరిగిందని నాకనిపిస్తుంది. ఒకేసారి మూడు చోట్ల పాడేవాడు మూడు చోట్లా ధరావతు కట్టేముందు ఒకసారి ఆగుతాడు.

ఇప్పుడు నా వేలాల షరతులలో పాట ఎలా ముగుస్తుందో, ఎలా రద్దవుతుందో ముందే రాస్తున్నాను. పాడిన గంటలోపు కారణం చెప్పి ఎవరైనా తప్పుకోవచ్చు, ధరావతు పోదు. ముగింపు రోజు సాయంత్రం ఆరు దాటాక తప్పుకుంటే ధరావతు పోతుంది. చివరి అయిదు నిమిషాలలో కొత్త పాట వస్తే గడువు మరో అయిదు నిమిషాలు పెరుగుతుంది. ఎవరు తప్పుకున్నా వారి పాటలనూ, వారికి జవాబుగా మాత్రమే వచ్చిన పాటలనూ తీసివేసి ధరను వెనక్కి తీసుకువెళతాను, మిగిలినవారికి ఒక గంట తిరిగి పాడే అవకాశం ఇస్తాను. వేలం ముగిసిందని ప్రకటించాక డబ్బు కట్టనివాడి సంగతి దీనికి భిన్నం, అది చట్టం దృష్టిలో కూడా ఒప్పందం తప్పడమే, అయితే మూడు వేల గడియారానికి ఎవరూ కోర్టుకెక్కరు. ఈబేలో నాలుగు రోజులలో డబ్బు రాకపోతే అమ్మకాన్ని రద్దు చేసి, రెండో పాటదారుకు అతను పాడిన గరిష్ఠ మొత్తానికి వస్తువును ఇవ్వజూపవచ్చు. ఆ గరిష్ఠానికి అతన్ని ఎక్కించినవాడు డబ్బు ఎగ్గొట్టినవాడే అయినప్పుడు నేను ఆ సదుపాయాన్ని వాడను, వస్తువును మళ్లీ మొదటి నుంచి వేలానికి పెడతాను. ఫీజూ సమయమూ పోతాయి గానీ, రెండో పాటదారు తిరిగి వచ్చి పాడడానికి ముఖం చెల్లుతుంది.

ధరను వెనక్కి తీసుకువెళ్లే షరతును గ్రూపులో మిగతా అమ్మకందారులు ఇంకా అంగీకరించలేదు. పై పాట పోతే కింది పాట నిలుస్తుందన్న పాత పద్ధతే వారిది, నిర్వాహకుడు వారి పక్షమే. నా వేలాలకు మాత్రం నా షరతు చెల్లుతుందని ఒప్పుకున్నారు. జప్తయిన ధరావతు ఎవరికి చెందాలన్న దాని మీద కూడా వాదన నడుస్తున్నది. అమ్మకందారుకే ఇవ్వాలని ఎక్కువమంది అంటున్నారు. పాటదారులు తప్పుకున్నకొద్దీ అమ్మకందారుకు ఆదాయం వచ్చే ఏర్పాటును నేను ఒప్పుకోలేదు. నా వేలంలో జప్తయిన రెండు వందలు చివరికి గెలిచినవారి బిల్లులో తగ్గిస్తున్నాను. తప్పుకున్నవాడి దూకుడు చూసి ఆగిపోయి, ఆ రాత్రే మరోచోట మరో గడియారం కొనేసుకున్నవారికి ఏం చేయాలన్నది మాత్రం మా గ్రూపులో ఇంకా ఎవరూ తేల్చలేదు. పోయిన నెల ఒక కోహినూర్ విషయంలో డాక్టరుగారికి సరిగ్గా అదే జరిగింది, పాట తిరిగి తెరిచేసరికి ఆయన ఇంకొకరి దగ్గర డబ్బు కట్టేసి ఉన్నారు.